బెంగళూరులో ఇల్లు కడుతున్నాం, ఫ్లోరింగ్‌కి టైల్సా చెక్కా? తేల్చుకోలేకపోతున్నాం, చెప్పండి ప్లీజ్

అనంతపురం_టు_బెంగళూరు:

అందరికీ నమస్తే. మాది అనంతపురం దగ్గర పల్లె, బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్ళయింది, మధ్యలో నాలుగేళ్ళు అమెరికా. కేఆర్ పురం దాటాక 30×40 సైట్‌లో ఇల్లు కడుతున్నాం, కింద ఒకటి పైన ఒకటి రెండు ఫ్లోర్లు. ప్లాస్టరింగ్ అయిపోయింది, బాత్రూమ్ పైపులు వేసేశారు, ఇప్పుడు ఫ్లోరింగ్ దగ్గర పని ఆగింది. మేస్త్రి రోజు మార్చి రోజు ఫోన్ చేసి టైల్సా చెక్కా ఏదో ఒకటి తేల్చండి సార్, లెవెల్ తెలిస్తే గానీ తలుపులు కింద ఎంత కొయ్యాలో కార్పెంటర్‌కి చెప్పలేను అంటున్నాడు.

మా ఆవిడకి చెక్క ఫ్లోర్ అంటే ప్రాణం. డల్లాస్‌లో మేం అద్దెకున్న ఇంట్లో హాలంతా ఓక్ చెక్క, మా పెద్దోడు పాకడం నేర్చుకుంది దాని మీదే, కాలికి చల్లగా తగలదు, చూడ్డానికి నిండుగా ఉంటుంది. నాకూ ఇష్టమే. కానీ మా అమ్మ మాతోనే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు, పోయినేడు ఇప్పుడున్న అద్దె ఫ్లాట్‌లో తళతళలాడే టైల్స్ మీద తడి కాలితో జారి మణికట్టు విరిగింది. అప్పట్నుంచి టైల్స్ అంటేనే భయం, గోడ పట్టుకుని నడుస్తుంది. అందుకే ఇది నాకు అందం విషయం మాత్రమే కాదు.

అమ్మ రూము, హాలు, వంటిల్లు, పూజ గది కింద. పైన రెండు బెడ్‌రూములు, ఒక చిన్న హాలు. పిల్లలు ఇద్దరు, ఏడేళ్ళు, మూడేళ్ళు. నీళ్ళు ప్రస్తుతానికి బోరే, బాగా ఉప్పు. బాత్రూములు తీసేస్తే వేయాల్సింది మొత్తం 1400 చదరపు అడుగులు. టైల్స్ 2×4 సైజు అడుగుకి 75, వేసే కూలి 35 చెప్పారు, అంటే లక్షన్నర చిల్లర, పన్ను వేరే. చెక్కకి ఓక్ ఇంజినీర్డ్ అని ఫిట్టింగ్‌తో కలిపి అడుగుకి 480, అంటే ఆరు లక్షల డెబ్బై వేలు దాటుతుంది. ఇంకో షాపులో లామినేట్ అని 140కే ఇస్తాం, చూడ్డానికి రెండూ ఒకటే సార్ అన్నారు. నిజంగా ఒకటేనా? అంత డబ్బు పెట్టి చెక్క వేస్తే మన వాడకానికి నిలుస్తుందా? వేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

మడిపాక్కం_అక్క:

తమ్ముడూ, మాది చెన్నై, సొంతూరు నెల్లూరు. కింద ఫ్లోర్‌లో మాత్రం చెక్క జోలికి వెళ్ళొద్దు, మా ఇంట్లో జరిగింది చెప్తా.

మేం కింద బెడ్‌రూములో లామినేట్ వేయించాం, హాల్లో మామూలు విట్రిఫైడ్ టైల్స్. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలోకి నీళ్ళొచ్చి ఇంట్లో చీలమండ దాకా ఒకటిన్నర రోజు నిలబడ్డాయి. నీళ్ళు తోడేశాక హాలు రెండుసార్లు ఫినాయిల్ వేసి కడిగితే మామూలుగా అయిపోయింది, బురద చార కూడా మిగల్లేదు. బెడ్‌రూములో మాత్రం పలకల అంచులు ఉబ్బి పైకి లేచాయి, ఒకటి ఊడబీకి చూస్తే లోపల ఉన్నది చెక్క కాదు, పొడిని గట్టిగా అదిమి చేసిన అట్ట లాంటిది, టీలో నానిన రస్కు లాగా వేలితో నొక్కితే దిగిపోతోంది. దాని కింద పరిచిన ఫోమ్ షీట్‌లో నీళ్ళు వారం తర్వాత కూడా ఉన్నాయి, ఆ వాసన నేను మర్చిపోలేను. మొత్తం పీకి పారేశాం.

మీకు అంత వరద రాదులే అనుకోవచ్చు. కానీ తుఫానుకి ముందే ఆ రూములో బాల్కనీ తలుపు దగ్గర నాలుగు పలకలు నల్లబడ్డాయి, వానకి జల్లు కొట్టేది, మేం వెంటనే తుడిచేవాళ్ళం కాదు, అంతే. వాషింగ్ మెషిన్ పైపు ఊడినా, ఏసీ నీళ్ళు కారినా అదే గతి. ఇప్పుడు ఆ రూములో కూడా టైల్సే.

అమ్మగారి చెయ్యి ఇప్పుడెలా ఉంది? టైల్స్‌లో జారనివి ఉంటాయి, ఆ ఫ్లాట్‌లో వేసినవి చూసి భయపడిపోవద్దని చెప్పండి.

సైట్_ఇంజినీరు_చిత్తూరు:

అన్నా, నేను బెంగళూరులోనే సైట్లు చూస్తుంటాను, కొంచెం పెద్దగా రాస్తున్నా ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 'రెండూ ఒకటే' అన్న మాట. షాపులో చెక్క ఫ్లోర్ అని మూడు రకాలు చూపిస్తారు. ఒకటి సాలిడ్, పలక మొత్తం ఒకే చెక్క, 18, 20 మిల్లీమీటర్ల మందం. రెండోది ఇంజినీర్డ్, పైన ఆరు మిల్లీమీటర్ల లోపు అసలు చెక్క, కింద ప్లైవుడ్ లాగా అడ్డంగా నిలువుగా అతికించిన పొరలు. మూడోది లామినేట్, అందులో కనిపించే చెక్క డిజైను కాగితం మీద ప్రింటు, కింద అక్క చెప్పిన అదిమిన పొడి. శాంపిల్‌ని పై నుంచి చూడొద్దు, పక్కకి తిప్పి అంచు చూడండి, అంచులో పొరలు కనబడతాయి, ఏది ఏదో మీకే తెలిసిపోతుంది. మీకు 480 చెప్పినవాళ్ళని పై పొర ఎన్ని మిల్లీమీటర్లు అని అడిగి బిల్లులో రాయించుకోండి. మూడు నాలుగు ఉంటే పదేళ్ళ తర్వాత ఒకసారి పైపైన అరగదీసి మళ్ళీ పాలిష్ పెట్టుకోవచ్చు. ఒకటో అరో ఉంటే ఆ అవకాశం లేదు, గీతలు పడితే పడినట్టే.

డల్లాస్ ఇల్లు వేరు, మన ఇల్లు వేరు. అమెరికాలో మామూలు ఇళ్ళు చెక్క ఫ్రేముతో కడతారు, చాలా ఇళ్ళల్లో నేల కింద ప్లైవుడ్ లాంటి చెక్క షీట్లు ఉంటాయి, అలాంటి చోట ఓక్ పలకల్ని దాంట్లోకి మేకులు కొట్టి బిగిస్తారు, పైగా ఏడాదంతా హీటరో ఏసీయో నడుస్తూ ఇంట్లో గాలి తేమ పెద్దగా మారదు. మనది కాంక్రీటు, మేకు దిగదు, జిగురు పెట్టాలి, లేదా ఫోమ్ మీద ఒకదానికొకటి లాక్ చేసి పరచాలి. కిటికీలు తెరిచే ఉంటాయి. బెంగళూరులో ఫిబ్రవరి మార్చి అంటే పెదాలు పగిలేంత పొడి, జూలై ఆగస్టులో ఉతికిన బట్టలు రెండ్రోజులైనా ఆరవు. చెక్క ఈ తేడాకి అడ్డంగా పెరుగుతుంది తగ్గుతుంది, పొడవులో పెద్దగా మారదు. అందుకే చుట్టూ గోడ దగ్గర 10, 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి దాన్ని స్కర్టింగ్‌తో కప్పాలి, ఆ ఖాళీ వదలకపోతే వానాకాలంలో రూము మధ్యలో పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. కింది నుంచి తేమ వస్తే ఇంకో రకం, పలక అంచులు లేచి మధ్యలో గుంట పడుతుంది. సాలిడ్‌తో ఈ బాధ ఎక్కువ, ఇంజినీర్డ్‌లో పొరలు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి తక్కువ. మన దగ్గర వేసుకుంటే ఇంజినీర్డే, అది కూడా పై ఫ్లోర్ బెడ్‌రూముల్లోనే అని నా అభిప్రాయం.

ఇప్పుడు మేస్త్రి విషయం. మీరు ఈ వారమే తేల్చాల్సిన పని లేదు! పాత పద్ధతిలో టైల్ కింద రెండంగుళాల సిమెంటు ఇసుక పరిచి పైన గ్రౌట్ నీళ్ళు పోసి టైల్ కొడతారు, దాంట్లో అయితే లెవెల్ ముందే తెలియాలి. అలా కాకుండా రెండు ఫ్లోర్లలోనూ నున్నగా స్క్రీడ్, అంటే సిమెంటు ఇసుక పొర, వేయించేయండి. దాని మీద టైల్ అయితే అడ్హెసివ్ (టైల్ జిగురు) 5, టైల్ 9 లేదా 10, మొత్తం 15 మిల్లీమీటర్లు. ఇంజినీర్డ్ చెక్క అయితే పలక 14, ఫోమ్ 3, మొత్తం 17. తేడా రెండు మిల్లీమీటర్లు, గుమ్మం దగ్గర పెట్టే పట్టీతోనే పోతుంది. తలుపులు 20 మిల్లీమీటర్లకి కొయ్యమని కార్పెంటర్‌కి ఈరోజే చెప్పేయండి. చెక్క ఎలాగూ పెయింటింగ్ కూడా అయ్యాక ఆఖర్న వేసే పని.

ఆ స్క్రీడ్ ఆరాలి. క్యూరింగ్ అయ్యాక రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుందని మేం లెక్కేసుకుంటాం, 40 మిల్లీమీటర్లు వేస్తే 40 రోజులు. పైకి తెల్లగా కనబడినా లోపల పచ్చిగా ఉంటుంది. ఒకటిన్నర అడుగుల చదరం పాలిథీన్ షీటు నేల మీద పరిచి నాలుగు వైపులా గాలి పోకుండా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే లోపల నీటి చుక్కలున్నా, కింద సిమెంటు రంగు ముదిరినా ఇంకా తేమ ఉందని, చెక్క వేయొద్దు.

టైల్స్‌కి కూడా ఒక మాట. విట్రిఫైడ్ అంటే నీళ్ళు పీల్చేది అర శాతం కూడా ఉండదు, అదే దాని గొప్ప, అదే దాని ఇబ్బంది, ఎందుకంటే ఉత్త సిమెంటు పాలు దానికి సరిగ్గా పట్టుకోవు. రెండు మూడేళ్ళకి నాణెంతో కొడితే డొల్ల శబ్దం వచ్చేది ఇందుకే. అడ్హెసివ్ బస్తా మీద ఐఎస్ 15477 అని, పక్కన టైప్ నంబరు ఉంటుంది, విట్రిఫైడ్‌కి టైప్ 2 కంటే తక్కువ తేవద్దు. పళ్ళ తాపీతో గీయించండి, 2×4 లాంటి పెద్ద టైల్‌కి వెనక కూడా పలచగా పూయించండి. జాయింట్ లేకుండా అతికించి వేస్తే అందంగా ఉంటుంది సార్ అంటారు, ఒప్పుకోవద్దు, రెండు మూడు మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టించండి, వంటింట్లో ఆ సందుల్లోకి ఎపాక్సీ గ్రౌట్. అమ్మగారి రూముకి, హాలుకి మ్యాట్ ఫినిష్. కేటలాగులో ఆర్9, ఆర్10, ఆర్11 అని రాసి ఉంటుంది, నంబరు పెరిగే కొద్దీ పట్టు ఎక్కువ. ఇంట్లోకి ఆర్10 తీసుకోండి, బాత్రూముకి 10కి తగ్గొద్దు.

విజయనగర్_వాసి:

నేను పై ఫ్లోర్ బెడ్‌రూములో ఓక్ ఇంజినీర్డ్ వేయించి ఆరేళ్ళయింది. నాకు ఇప్పటికీ ఇష్టమే, డిసెంబర్ పొద్దున్నే మంచం దిగి కాలు పెడితే ఆ సుఖం టైల్స్‌తో రాదు. కానీ మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి: మీ ఇల్లు తుడిచేది ఎవరు, ఎలా తుడుస్తారు?

మా ఇంట్లో పనిచేసే లక్ష్మమ్మ గారు బకెట్ నిండా నీళ్ళు పెట్టుకుని గుడ్డ సగం పిండి తుడిచేవారు, అందరూ అలాగే కదా, అదే శుభ్రం అని మనమే నేర్పాం. చెక్క మీద అలా రోజూ చేస్తే జాయింట్లలో నీళ్ళు దిగుతాయి. మొదటి ఆర్నెల్లలోనే డోర్ దగ్గర జాయింట్లు నల్లగీతల్లా తేలాయి, అప్పటి నుంచి ఆ రూము ఆవిడకి చెప్పకుండా నేనే చేసుకుంటున్నా, మైక్రోఫైబర్ గుడ్డ బాగా పిండి, వారానికి రెండుసార్లు. ఒక్క రూము కాబట్టి కుదురుతోంది. హాలు, వంటిల్లు కూడా చెక్క అయితే నా వల్ల అయ్యేది కాదు. మన ఇళ్ళల్లో పండగొస్తే ఇల్లు కడుగుతాం, గడపకి పసుపు, పూజలో నూనె, కర్పూరం, కొబ్బరినీళ్ళు, వ్రతం రోజు నలభై మంది కాళ్ళు కడుక్కుని తడి పాదాలతో లోపలికొస్తారు, అవన్నీ కింద ఫ్లోర్‌లోనే. ఆ ఆనందం ఏదీ నేల పాడవుతుందన్న భయంతో తగ్గకూడదు.

ఇంకోటి, కిటికీ ఎండ పడే చోట మేం చిన్న కార్పెట్ వేశాం, రెండేళ్ళ తర్వాత తీస్తే దాని కింద వేరే రంగు, చుట్టూ వేరే రంగు, చతురస్రం అచ్చు గుద్దినట్టు ఉంది. కార్పెట్ వేస్తే అప్పుడప్పుడు జరుపుతూ ఉండండి. కుర్చీల కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు అతికించండి.

టైల్స్ విషయంలో, మీ బోరు నీళ్ళు ఉప్పు అన్నారు కాబట్టి నల్లవి, ముదురు గ్రే గ్లాసీ వద్దు, తుడిచిన ప్రతిసారీ తెల్ల చారలు తేలతాయి. లేత రంగు, మ్యాట్.

బేతంచెర్ల_బండ:

టైల్సూ చెక్కే కాకుండా ఇంకోటి చెప్తా. మా తాత ఇంట్లో బేతంచెర్ల నాపరాళ్ళు, నేను పుట్టక ముందు వేసినవి, ఇప్పటికీ అలాగే ఉన్నాయి, నడిచి నడిచి నునుపు తేలాయి గానీ ఒక్కటి కదల్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ బండ మీద పడుకునేవాళ్ళం. వరండాకి, మెట్లకి, కారు పెట్టే చోటుకి తాండూరో బేతంచెర్లో ఆలోచించండి, పాలిష్ పెట్టించకుండా. జిగని వైపు రాళ్ళ గోదాములు వరసగా ఉంటాయి, వెళ్ళి కళ్ళతో చూసి ఒకే లాట్‌లోవి ఏరుకోండి. ఒక్కటే జాగ్రత్త, అది సున్నపురాయి, నిమ్మకాయ, చింతపండు, బాత్రూమ్ యాసిడ్ పడితే మచ్చ పడుతుంది, వంటింట్లో వద్దు.

అనంతపురం_టు_బెంగళూరు:

అందరికీ చాలా చాలా థాంక్స్. మడిపాక్కం అక్కా, అమ్మ చెయ్యి అతుక్కుంది, ఇంకా బరువు ఎత్తలేదు. మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా, ఆ రస్కు మాట విన్నాక లామినేట్ ఆలోచన అక్కడే వదిలేసింది.

నిన్న మూడు షాపులు తిరిగి మ్యాట్‌లో నాలుగు శాంపిల్ టైల్స్ ఇంటికి తెచ్చా. అమ్మ వాటిని బాత్రూమ్ బయట వరసగా పెట్టమంది. నేను చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డా, కాళ్ళు కడుక్కుని ఒక్కోదాని మీద అడుగు పెట్టి బొటనవేలు ముందుకి జరిపి చూసింది. మొదటి దాని మీద వేలు జారింది, వెంటనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోది ఆర్10, లేత ఇసుక రంగు, దాని మీద వేలు జరగలేదు. "ఇదైతే పట్టుకుంటా ఉంది నాయనా" అని రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది. కింద మొత్తం అదే, అయిపోయింది. పైన చిన్న హాల్లో కూడా అదే.

పైన రెండు బెడ్‌రూములు కలిపి 310 అడుగులు, వాటికి ఓక్, అంటే ఒక లక్షా యాభై వేల దగ్గర. మా ఆవిడ కూడా సరే అంది, ఆ రూములు మేమిద్దరమే తుడుచుకుంటాం. షాపువాళ్ళని అడిగితే పై పొర రెండు మిల్లీమీటర్లే అన్నారు, నాలుగుది ఇంకో చోట దొరికింది, అడుగుకి 60 ఎక్కువ. మెట్లకి తాండూరు రాయి చూడ్డానికి శనివారం జిగని వెళ్తున్నాం. స్క్రీడ్ పని సోమవారం మొదలు. మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, అడ్హెసివ్ ఖర్చు దండగ సార్ అన్నాడు, సైట్ ఇంజినీర్ తమ్ముడు చెప్పినట్టు పాత టైల్ మీద నాణెం కొట్టి వినిపించాక సరే అన్నాడు.

ఒక డౌటు, చెక్క లాగా కనబడే పొడుగు టైల్స్ కూడా చూపించారు, పిల్లల రూముకి అది వేస్తే ఎలా ఉంటుంది?

సైట్_ఇంజినీరు_చిత్తూరు:

మూడేళ్ళ పాప ఉంది కాబట్టి అది కూడా మంచిదే అన్నా, నీళ్ళు ఒలికినా భయం లేదు. పొడుగు టైల్ కొంచెం విల్లులా వంగి ఉంటుంది, అందుకని ఇటుక వరసలాగా సగానికి సగం జరిపి వేయనివ్వద్దు, అంచు కాలికి తగులుతుంది, మూడో వంతు మాత్రమే జరిపి వేయించండి. కాలికి వెచ్చదనం మాత్రం రాదు, ఎంత చెక్కలా ఉన్నా అది టైలే.

అనంతపురం_టు_బెంగళూరు (ఏడు వారాల తర్వాత):

అప్‌డేట్ ఇస్తా అని ఇవ్వలేదు, సారీ. కింద టైల్స్ అయిపోయాయి, మొత్తం నాణెంతో కొట్టి చూశా, రెండు డొల్ల పలికితే తీయించి మళ్ళీ వేయించా. అమ్మ పోయిన ఆదివారం వచ్చి హాలు ఈ చివర నుంచి ఆ చివరకి గోడ పట్టుకోకుండా నడిచింది. నాకు అది చాలు.

పైన రెండు రూముల్లోనూ పాలిథీన్ అతికించి రోజున్నర వదిలేశా. పిల్లల రూములో పొడిగా ఉంది. మా రూములో మధ్యలో వేసిన షీటు పొడిగానే ఉంది కానీ బాత్రూమ్ గోడ పక్కన వేసింది తీస్తే లోపలంతా చెమట పట్టినట్టు చిన్న చిన్న చుక్కలు, కింద సిమెంటు ముదురు రంగు. స్క్రీడ్ వేసి నలభై ఐదు రోజులు దాటింది. ఓక్ బాక్సులు వచ్చి రూములో ఉన్నాయి, గాలికి అలవాటు పడాలని వారం ముందే తెప్పించా. ఫిట్టింగ్ వాళ్ళు ఏం కాదు సార్ ఫోమ్ కింద ప్లాస్టిక్ షీటు వేస్తాం కదా అంటున్నారు. వేసేయమనాలా?

సైట్_ఇంజినీరు_చిత్తూరు:

వద్దన్నా, ఆపండి. మధ్యలో పొడి, బాత్రూమ్ పక్కన మాత్రం తడి అంటే అది స్క్రీడ్ పచ్చి కాదు, బాత్రూమ్ నుంచి వస్తోంది. ప్లాస్టిక్ వేస్తే చుక్కలు మీకు కనబడవు అంతే, తేమ పక్కకి పాకి గోడ పెయింట్ లేపుతుంది. బాత్రూమ్ స్లాబ్ కిందికి దించి కడతారు కదా, ఆ గుంటలో నీళ్ళు నిలిచి పక్కకి ఊరుతుండొచ్చు. ముందు పైపు లైన్‌కి ప్రెజర్ టెస్ట్ పెట్టించండి, రాత్రంతా గేజ్ ముల్లు పడిపోకుండా ఉంటే సప్లై లైన్ బాగున్నట్టు. తర్వాత డ్రెయిన్‌కి గుడ్డ కుక్కి బాత్రూములో రెండంగుళాల నీళ్ళు కట్టి ఒక రోజు ఉంచి కింద సీలింగ్ చూడండి. ఓక్ బాక్సులు వెంటనే పిల్లల రూములోకి మార్చండి, నేల మీద కాకుండా చెక్క ముక్కల మీద ఎత్తులో పెట్టండి.

అనంతపురం_టు_బెంగళూరు:

తమ్ముడూ దొరికింది! ప్రెజర్ పడలేదు, నీళ్ళు కడితే మాత్రం పొద్దున్నకి కింద వంటింటి సీలింగ్‌లో అరచేతంత తడి మచ్చ. ప్లంబర్‌ని పిలిచి రెండు టైల్స్ పగలగొట్టిస్తే నేల జాలీ కింద వేస్ట్ పైపు జాయింట్‌కి సొల్యూషన్ (పైపు జిగురు) సగమే పూసి ఉంది, వేలు పెడితే పైపు కదులుతోంది. ఓక్ వేసేశాక బయటపడి ఉంటే లక్షన్నర నేలపాలయ్యేది. జాయింట్ మార్చి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు కొట్టించా, మళ్ళీ నీళ్ళు కట్టి చూశాం, మచ్చ పెరగలేదు.

ఫిట్టింగ్ వాళ్ళకి మూడు వారాలు ఆగమని చెప్పా. రాత్రి నేనూ మా ఆవిడా కలిసి బాత్రూమ్ గోడ పక్కన కొత్త పాలిథీన్ అతికించాం, తేదీ స్కెచ్ పెన్నుతో షీటు మీదే రాశాం. మళ్ళీ చుక్కలు వస్తే ఇక్కడే అడుగుతా.